చేసి నేర్చుకునే కోడలు

హోసూరు,
ఫిబ్రవరి 12, 2026

కాత్యాయనికి,

నేనిప్పుడే ఎందుకు రాస్తున్నానో ముందుగా చెప్పేస్తాను. నిన్న నేను పాఠాలు చెప్పే దూరవిద్య స్టడీ సెంటరుకు నీ పేరుతో ఒక అర్జీ వచ్చింది. బి.కాం. మానేసి ఆరు నెలల సేల్స్ సర్టిఫికెట్ కోర్సుకు మారతానని అందులో ఉంది. కారణం రాయాల్సిన చోట, "లర్నింగ్ స్టైల్ టెస్టు ప్రకారం నేను చేసి నేర్చుకునే తరహా. పుస్తకాల చదువు నాకు సరిపడదు" అని ఉంది. అడుగున నీ సంతకం. దాని పక్కన "సిఫారసు చేస్తున్నాను" అని నేను సంతకం పెట్టాలి. నేను పెడితే నీ బి.కాం. సీటు పోయినట్టే. పెట్టకుంటే ఎందుకు పెట్టలేదో రాసివ్వాలి. ఊరికే నాన్చితే వచ్చే నెలాఖరులో మా కోఆర్డినేటర్ ధనశేఖర్ సారే పెట్టేస్తారు. అర్జీని వెనక్కి తీసుకునే హక్కు నీ ఒక్కదానికే ఉంది.

అర్జీలోని అక్షరాలు నీవి కావు. బేరిగై బడిలో అయిదేళ్లు నీ పక్కన కూర్చున్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. సంతకం మాత్రం నీదే. నాకు భయం వేసింది దానికే.

ఫోన్ ఎందుకు చెయ్యలేదని అనుకుంటావు. నీ ఫోన్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ పాత్రల అంగడి గల్లాపెట్టె మీదే ఉంటుందని, డబ్బులు పడే నంబరు అదేనని, మెసేజ్ వస్తే ఎవరు దగ్గరుంటే వాళ్లు తెరుస్తారని నువ్వే చెప్పినావు. అందుకే మీ పక్కింట్లో కుట్టుపని చేసే అక్కమ్మ అక్క పేరుతో పంపుతున్నాను.

పోయిన జూలైలో నిన్ను చేర్చడానికి మీ అంగడికి వచ్చి మీ మామతో మాట్లాడింది నేను. "మా నాయన అశ్వత్థప్ప వేలిముద్ర వేసే మనిషి. మా ఇంట్లో బడికి పోయినదాన్ని నేనే మొదలు. నేనే డిగ్రీ చేసినాను, కాత్యాయని చెయ్యలేకపోతుందా మామా?" అంటే ఆయన నవ్వినారు. "సరేలేమ్మా, అంగడి లెక్కలు ఇంటి మనిషే చూస్తే మంచిదే కదా" అన్నారు. ఇంతలో ఏమైంది? ఆయన మారినారా, నువ్వు మారినావా?

నాకు నిజం రాయి.

పవిత్ర

* * *

కృష్ణగిరి,
ఫిబ్రవరి 19

పవిత్రా,

నీ ఉత్తరాన్ని అక్కమ్మ అక్క జాకెట్టు గుడ్డ మడతలో పెట్టి ఇచ్చింది. మా అత్త ఆ పక్కనే ఉంది. "కొలత ఇంకోసారి చూడాలమ్మా" అని అక్క నన్ను లోపలికి పిలిచి, చదివేదాకా టేపు పట్టుకుని నిలబడింది. ఇట్లాంటి నాటకాలు నాకు చేతకావు.

అర్జీ నాదే. రాసింది మోహిత్, సంతకం పెట్టింది నేను. మొగుడు రాసిస్తే పెండ్లాం సంతకం పెట్టకూడదని మీ సెంటరులో ఏమైనా రూలుందా?

ఒకటి అడుగుతాను, చెప్పు. ఆ టెస్టు నాకు పంపింది ఎవరు? "దూరవిద్యలో చేరినవాళ్లకు ఇది చాలా ఉపయోగం, తప్పకుండా చెయ్యి, నీకు తగినట్టే పాఠాలు పంపుతారు" అని మెసేజ్ పెట్టింది ఎవరు? నువ్వే కదా. అది నా తరహా ఏమిటో చెప్పింది. మేము నమ్మినాము. ఇప్పుడు నమ్మినందుకు నీకు కోపం.

మా మామ ఆ రిపోర్టును ప్రింటు తీయించినాడు. మోహిత్ జాతకమూ, నా జాతకమూ ఉన్న ప్లాస్టిక్ కవరులోనే దాన్నీ పెట్టినాడు. చుట్టాలొస్తే తీసి చూపిస్తాడు. "చూడండప్పా, మా కోడలు చేతల మనిషి. నేను చెప్పేది కాదు, కంప్యూటరు చెప్పింది." మా మామ చెడ్డవాడని నువ్వు అనుకుంటూ ఉంటావు. కాదు. "గ్రహం ఒక పక్క లాగితే మనిషి ఇంకో పక్క పోకూడదమ్మా, నలిగిపోతాడు. నీకు పుట్టుకతోనే లేని పనిని నీ నెత్తిన పెట్టి నేను పాపం మూటకట్టుకోను" అని ఎంత ప్రేమగా చెప్పినాడో నీకు తెలియదు. తిట్టి ఉంటే ఎదురు మాట్లాడేదాన్నేమో.

సామల్పట్టి స్టేషను దగ్గర రెండో అంగడి తెరుస్తున్నారు. దాంట్లో నేనే కూర్చోవాలంట. దానికి ఈ సర్టిఫికెట్ చాలు.

సంతకం పెట్టెయ్. ఇంక ఉత్తరాలు వద్దు. వారంలో రెండో జాకెట్టు ఎందుకని అత్త అడిగితే నేనేం చెప్పాలి?

కాత్యాయని

* * *

హోసూరు,
ఫిబ్రవరి 24

కాత్యాయనీ,

వద్దన్నా రాస్తున్నాను. రెండో జాకెట్టుకు నన్ను తిట్టుకో.

నువ్వు అడిగింది న్యాయమే. టెస్టు మంచిదని చెప్పింది నేనే. నాకు అట్లాగే చెప్పినారు, నేను నమ్మినాను. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు అని మనుషులను మూడు గుంపులు చేసి, ఎవరికి తగిన పాఠం వాళ్లకు పంపితే దూరంగా ఉన్నవాళ్లు కూడా సులభంగా పాసవుతారని ట్రైనింగులో చెప్పినారు. క్లాసులో మనిషి మొగం చూసి అర్థమైందో లేదో తెలుసుకోవచ్చు. దూరవిద్యలో మొగం కనపడదు కాబట్టి ఈ టెస్టే మనకు కన్ను అన్నారు. వినడానికి ఎంత బాగుంది!

నీ ఉత్తరం చదివినాక ఆదివారం క్లాసుకు వచ్చినవాళ్లందరితో అదే టెస్టు మళ్లీ చేయించినాను. ధనశేఖర్ సారును అడగలేదు. సగానికి పైగా మందికి పోయినసారి వచ్చిన తరహా ఈసారి రాలేదు. ఉద్దనపల్లి నుంచి వచ్చే శ్రీరంగప్పకు మొన్న "విని", ఇప్పుడు "చూసి". ఆయన పగలబడి నవ్వి, "మొన్న నైట్ షిఫ్టు దిగి కండ్లు మూతలు పడతా చేసినా మేడమ్, ఈరోజు బిర్యానీ తిని చేసినా. ఈ రెండిట్లో నేనెవరో మీరే చెప్పండి" అన్నాడు. అందరూ నవ్వినారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, నీ అర్జీ నా సొరుగులోనే ఉంది.

ఒక్క మేలు మాత్రం చూసినాను. టెస్టు అయినాక వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెట్టినారు. నువ్వెట్లా చదువుతావు, నేనెట్లా చదువుతాను, బస్సులో చదివితే తలకెక్కుతుందా అని. ఆ మాటలకు పనికొస్తుంది ఆ టెస్టు. ఒక మనిషికి ఇది రాదు అని తీర్పు చెప్పడానికి పనికిరాదు. అకౌంట్స్‌లో జర్నల్ ఎంట్రీ వెయ్యాలంటే ఏ తరహా మనిషైనా పెన్ను పట్టి గీత గీసి వెయ్యాల్సిందే. ఇంగ్లీషు పలకడం రావాలంటే ఎవరైనా చెవి పెట్టి వినాల్సిందే. పాఠాన్ని బట్టి మనం మారతాము, అంతే.

ఇంకో రెండు విషయాలు కనిపెట్టినాను. ఒకటి, ఈ ఏడాది "చేసి" తరహా వచ్చినవాళ్లకు మా సెంటరు అచ్చు పుస్తకాలు పంపలేదు. వీడియో లింకులు మాత్రమే పంపింది. అంటే నీకు అకౌంట్స్ పుస్తకమే రాలేదు! నువ్వు ఎందుకు అడగలేదు?

రెండోది, నీ జవాబులన్నీ తీసి చూసినాను. మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా ఒక్కటి కూడా తప్పకుండా "చేసి చూస్తాను" అనే ఉంది. అట్లా ఎవ్వరికీ రాలేదు. ఇంతమందిలో ఒక్కరికీ రాలేదు. ఆ టెస్టును నువ్వు ఒక్కదానివే కూర్చుని చేసినావా?

పవిత్ర

* * *

కృష్ణగిరి,
మార్చి 5

పవిత్రా,

పది రోజులు నీకు జవాబు రాయకూడదనే అనుకున్నాను. ఈరోజు అత్త కావేరిపట్నం పోయింది, అక్కమ్మ అక్క మిషన్ పక్కన కూర్చుని రాస్తున్నాను.

నేను ఒక్కదాన్నే చెయ్యలేదు. అసలు నేను చెయ్యనే లేదు.

నీ లింకు వచ్చినప్పుడు ఫోన్ గల్లాపెట్టె మీద ఉంది కదా. మోహిత్ తెరిచినాడు. బేరాలు లేని మధ్యాహ్నం. నేను మెట్ల కింద ఇత్తడి బిందెలు తుడుస్తా ఉన్నాను. "మన కాత్యాయనికి ఏదో పరీక్ష వచ్చింది" అని తను గట్టిగా చదవడం, మామ కుర్చీ జరుపుకోవడం, అత్త కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చోవడం. సినిమా చూసినట్టు.

"కొత్త మిక్సీ కొంటే మీరేం చేస్తారు? దాంతో వచ్చిన పుస్తకం చదువుతారా, తెలిసినవాళ్లను అడిగి వింటారా, చేసి చూస్తారా?"

అత్త వెంటనే, "ఇది పుస్తకం పట్టుకుని కూర్చునే రకమా? నేను డబ్బా పారేసి వచ్చేలోపల చట్నీ చేసి పెట్టేసుంటుంది. చేసి చూస్తుందని కొట్టు" అంది.

"తెలియని ఊరికి పోవాలంటే?"

"దీన్ని ఒంటరిగా మనం యాడికి పంపినాము?" అని మామ. "అయినా పంపితే పోయొస్తుంది. ధైర్యం ఉండే పిల్ల. అదే కొట్టరా."

నాకు గొంతుదాకా వచ్చింది, నేను పుస్తకం చదువుతాను అని. నిజంగానే చదువుతాను పవిత్రా. మిక్సీ పుస్తకం కూడా మొదటినుంచి చివరిదాకా చదివి దాచినాను. కానీ వాళ్లు నన్ను పొగుడుతున్నారు! పెండ్లయిన రెండేళ్లలో అత్త నన్ను అందరి ముందర అంతగా పొగడడం అదే మొదలు. కూర్చుని చదివేది, కూర్చుని వినేది సోమరిదాని జవాబులని, చేసి చూసేదే మంచి కోడలి జవాబని వాళ్లు అనుకున్నారు. ప్రతి ప్రశ్నకూ నాకు మార్కులు వేస్తున్నట్టు అనుకున్నారు. నేనూ బిందె తుడుస్తా నవ్వుతా ఉండిపోయినాను.

పుస్తకం ఎందుకు అడగలేదంటావు. చేతల మనిషి పుస్తకం అడిగితే ఎట్లా?

ఇక ఆ వీడియోలు. ఫోన్ గల్లాపెట్టె దగ్గర, నేను ఆడనే నిలబడి చూడాలి. సారు "డెబిట్ అంటే ఏమిటంటే" అంటాడు, పక్కన డబ్బు పడితే చెప్పే స్పీకరు డబ్బా "ఏడువందల యాభై రూపాయలు అందినవి" అని అరుస్తుంది. ఒక పెద్దాయన కుక్కర్ కొనడానికొచ్చి, "ఏమమ్మా, ఆ డబ్బు వేసింది ఫోన్‌లో ఉండే ఆ సారేనా?" అన్నాడు. అంగడంతా నవ్వింది. ఆ తర్వాత నేను వీడియో పెట్టలేదు.

డిసెంబరు పరీక్షలో అకౌంట్స్ పోయింది. ఇది నీకు తెలుసు. లిస్టు నీ దగ్గరే ఉంటుంది కదా. రెండు ఉత్తరాలు రాసినావు, రెండింట్లోనూ ఆ మాట ఎత్తలేదు. నేను చెప్తానేమోనని చూసినావు. అందుకు నీ మీద కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది.

ఇంట్లో రిజల్టు ఇంకా రాలేదని చెప్పినాను. అదే వారంలో మామ సర్టిఫికెట్ కోర్సు మాట తెచ్చినాడు. నీకు పుస్తకాల యోగం లేదమ్మా అన్నాడు. దేవుడే దారి చూపించినట్టు అనిపించింది. ఫెయిలైన కోడలిగా ఉండడం కంటే చేతల కోడలిగా ఉండడం నయం కదా. అందుకే సంతకం పెట్టినాను. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు.

ఇప్పుడు నీకంతా తెలుసు. సంతకం పెట్టు.

కాత్యాయని

* * *

కృష్ణగిరి,
మార్చి 16

పవిత్రా,

తొందరలో రాస్తున్నాను. సంతకం ఎందుకు ఆలస్యమైందో కనుక్కోవాలని మామ బుధవారం హోసూరు వస్తున్నాడు. మీ సెంటరుకే. పరీక్ష సంగతి ఆయనకు తెలియకూడదు. ఆయన నన్ను కొట్టడు, తిట్టడు. "సరేలేమ్మా" అంటాడు. ఆ మాట నేను వినలేను. నీ కాళ్లు పట్టుకుంటాను, చెప్పొద్దు. ఈ ఉత్తరం ఆయన కంటే ముందు నీకు అందాలని మొక్కుకుంటున్నాను.

కా.

* * *

హోసూరు,
మార్చి 19

కాత్యాయనీ,

నీ ఉత్తరం ఈరోజు అందింది. మీ మామ నిన్ననే వచ్చి వెళ్లినారు. కంగారు పడకు, మొత్తం చదువు.

పొద్దున సెంటరు తాళం తీసేసరికే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. చేతిలో ఆ ప్లాస్టిక్ కవరు. "ఏమమ్మా పవిత్రా, ఒక సంతకానికి ఇన్నాళ్లా? మా అంగడిలో అయితే గిరాకీ పోయుంటుంది" అన్నారు. లోపల కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చినాను. 

రిపోర్టు తీసి బల్ల మీద పరిచి, "ఇది తప్పంటావా?" అన్నారు. నేను తప్పనలేదు. "మీరూ ఒకసారి ఈ టెస్టు చెయ్యండి మామా" అన్నాను. మొదట నవ్వినారు, తర్వాత కండ్లద్దాలు పెట్టుకున్నారు. ఒక్క ప్రశ్నకూ నన్ను సాయం అడగలేదు. చివర "మీరు విని నేర్చుకునే తరహా" అని వచ్చింది.

"నేనా! విని! మా ఇంటావిడను అడుగు. ముప్పై ఏండ్లుగా ఆమె చెప్పిన మాట ఒక్కటీ నేను విన్లేదంట." అప్పుడే వచ్చిన ధనశేఖర్ సారు కూడా నవ్వినారు. అంతలోనే మీ మామ ఆలోచనలో పడి, "కాదు కాదు, ఉంది. పాత్ర మోగించి శబ్దం విని చెప్తా కదా, సరుకు మంచిదా కాదా అని. కరెక్టుగానే చెప్పిందే!" అన్నారు.  ఆయన నమ్మేసినారు.

అప్పుడు అడిగినాను. "శబ్దం వింటారు సరే మామా. తూకం వెయ్యరా? అంచు చూడరా? అడుగు వేలితో తడమరా? వీటిలో ఒక్కటే చేసి సరుకు దింపుకుంటారా?"

ఆయన రిపోర్టును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసినారు. తర్వాత మెల్లగా, "అయితే ఈ కాగితం మీరెందుకమ్మా ఇస్తారు?" అన్నారు.

 ఎట్లా చదువుతున్నావని పిల్లలను కదిలించడానికి ఇస్తున్నాము, ఇదే నీ తలరాత అని చెప్పడానికి కాదు, అది మేము సరిగ్గా చెప్పలేదు, అని ధనశేఖర్ సారు వింటుండగానే చెప్పినాను. సారు మొగం ఎర్రబడింది. పడనీ.

ఇప్పుడు నువ్వు భయపడిన చోటుకు వస్తాను. "అది డిసెంబరులో పరీక్షలు రాసింది కదా, రిజల్టు ఎప్పుడొస్తుంది సారూ?" అని మీ మామ అడిగినారు. సారు కంప్యూటరు వైపు తిరిగినారు. నీ నంబరు టైపు చెయ్యడం మొదలుపెట్టినారు. నేను లేచి నిలబడి, "మార్కులు చదువుకునే మనిషికే చెప్పాలి సార్, ఇంకెవరికీ చెప్పకూడదు, అది మన రూలు" అన్నాను. నా గొంతు అవసరం కన్నా గట్టిగా వచ్చింది. సారు చెయ్యి ఆగింది. మీ మామ నన్ను చూసినారు, సారును చూసినారు. కవరు మడిచి చంకలో పెట్టుకున్నారు.

నేను ఒక్క మాట బయట పెట్టలేదు. కానీ ఆయన వ్యాపారం చేసే మనిషి. ఎదుటివాళ్లు ఏదో దాస్తున్నారని తెలుసుకోవడానికి ఆయనకు రిజల్టు చూడాల్సిన పని లేదు.

బస్టాండు దాకా ఆయన వెంట పోయినాను. బస్సు ఎక్కే ముందు ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "నేను దాన్ని అడగనమ్మా. అడిగితే 'మీ ఇష్టం మామా' అంటుంది. రెండేండ్లుగా అదే మాట. చీర కొందామన్నా మీ ఇష్టం, సామల్పట్టి అంగడన్నా మీ ఇష్టం. ఇప్పుడు నేను బి.కాం. చదువు అన్నా మీ ఇష్టమే అంటుంది, మళ్లీ నా ఇష్టమే చేసినట్టు అవుతుంది. అది నోరు తెరిచి నాకిది కావాలి అననీ. అంటే ఈ అర్జీ నేనే వచ్చి చించేస్తా. అనకపోతే నాకు ఇది తప్ప ఇంకేం తెలుస్తుంది?" అని ఆ కవరు మీద తట్టినారు.

కాబట్టి ఇప్పుడు ఆయన అడగరు. నేను చెప్పను. మోహిత్‌కు ఏమీ తెలియదు. మాట్లాడాల్సిన మనిషివి నువ్వు ఒక్కదానివే మిగిలినావు.

ఒక పేపరు పోయింది, అంతే. జూన్‌లో మళ్లీ రాయొచ్చు. పుస్తకం లేకుండా రాసినావు కాబట్టి పోయింది. ఆ మాట సెంటరు తరఫున రాసి సంతకం పెట్టి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. అకౌంట్స్ పుస్తకాన్ని నిన్ననే అక్కమ్మ అక్క పేరుతో పార్సిల్ చేసినాను. లెక్కలు చేసి నాకు పంపు, దిద్ది తిప్పి పంపుతాను. దూరంగా ఉన్నవాళ్లకు పాఠం చెప్పడమంటే అంతకన్నా ఏముందో నాకైతే తెలియదు.

నీకు నిజంగా సామల్పట్టి అంగడి, ఆ సర్టిఫికెట్టే ఇష్టమైతే అదీ తక్కువ పని కాదు. అప్పుడు నేను మారు మాట్లాడకుండా సంతకం పెడతాను. కానీ ముందు రిజల్టు సంగతి మీ మామకు చెప్పు. అది దాచి ఉంచుకుని ఏది ఎంచుకున్నా, భయంతో ఎంచుకున్నట్టే అవుతుంది. ఆయన "సరేలేమ్మా" అంటారు, నిజమే. ఆ మాట విని అక్కడినుంచి లేచిపోకు. దాని తర్వాత నువ్వు చెప్పాల్సింది ఇంకా ఉంది.

ధనశేఖర్ సారు నాకు ఖచ్చితంగా చెప్పేసినారు. ముప్పయ్యో తేదీ సోమవారం పొద్దున నా సొరుగులోని అర్జీ ఆయన బల్ల మీద ఉండాలి. నా సంతకం ఉన్నా సరే, లేకున్నా సరే. అప్పటికి నీ మాట నా చేతిలో లేకపోతే ఆయన్ను ఆపడానికి నాకు దారి లేదు.

ఇరవై ఎనిమిది శనివారం. ఆరోజు పోస్టు వచ్చేదాకా నేను సెంటరులోనే ఉంటాను. ఆలోపల నీ జవాబు నాకు అందాలి. మామతో మాట్లాడినావో లేదో రాయి, నీకు ఏం కావాలో రాయి. అత్త ఏమందో కూడా రాయి. ఆమె ఏమంటుందోనని నాకూ భయంగానే ఉంది.

పవిత్ర